మౌస్ పెడితే టచ్‌ప్యాడ్ ఆగాలి, తీస్తే మళ్లీ పనిచేయాలి

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక చిన్న గదిలో డీటీపీ పని చేస్తాను. పెళ్లిపత్రికలు, ప్రశ్నపత్రాలు, అర్జీలు, అప్పుడప్పుడు ఎవరిదైనా కవితల పుస్తకం. ఒక మాఘమాసం గిరాకీలో పెళ్లిపత్రిక టైపు చేస్తున్నాను. వేదిక దగ్గర "కాజీపేట" అని కొట్టాలి. "కాజీ" వరకు సరిగానే పడింది. ఆ తర్వాత కర్సర్ ఎగిరి మూడు వరుసల పైకి పోయింది. నా కళ్లు తెర మీద లేవు, వాళ్లు రాసిచ్చిన కాగితం మీద ఉన్నాయి. సాయంత్రం ప్రూఫు చూడటానికి వచ్చిన పెళ్లికూతురి తాతగారు కళ్లజోడు సర్దుకుని, పైకి చదివి, నింపాదిగా అడిగారు: "సుముహూర్తంపేట ఏ మండలంలో ఉంది నాయనా?"

నవ్వులో పోయింది కాబట్టి సరిపోయింది. అచ్చుకు వెళ్లి ఉంటే ఆ కార్డుల ఖర్చు నా నెత్తిన పడేది.

పక్కన మౌస్ ఉంది, దానితోనే పని చేస్తున్నాను. అయినా ల్యాప్‌టాప్ మీది టచ్‌ప్యాడ్ మేలుకొనే ఉంది. టైపు చేస్తుంటే బొటనవేలి మొదలు దానికి తగిలింది. అంతే. మీకూ ఇలా జరుగుతుంటే పది నిమిషాలు కూర్చుని కింద చెప్పినట్టు చేయండి. డబ్బు ఖర్చు లేదు, విండోస్ వాడేవాళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ముందుగా, ఇది ఎందుకు జరుగుతుందో రెండు మాటలు. టచ్‌ప్యాడ్ కింద సన్నని విద్యుత్ తీగల వల ఉంటుంది. చర్మం దగ్గరికి రాగానే ఆ వలలోని విద్యుదావేశం మారుతుంది, ఆ మార్పును అది వేలుగా లెక్కిస్తుంది. నొక్కాల్సిన పని లేదు, ఆనితే చాలు. పైగా ఒక్కసారి తట్టినా క్లిక్‌గా తీసుకునే సదుపాయం చాలా ల్యాప్‌టాప్‌లలో మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. కాబట్టి అరచెయ్యి అలా రాసుకుపోతే బాణం కదులుతుంది, తట్టుకుంటే కర్సర్ అక్కడికి దూకుతుంది. అన్నింటికన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. తట్టి లాగినట్టు తగిలితే ఒక పేరా మొత్తం ఎంపికైపోతుంది. ఆ వెంటనే మీరు కొట్టే అక్షరం ఆ పేరా స్థానంలో కూర్చుంటుంది. పేరా మాయం. అలా జరిగిన క్షణంలో కంగారుపడి ఫైలు మూసేయకండి, కంట్రోల్ పట్టుకుని జెడ్ కొట్టండి, తిరిగి వస్తుంది.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఈ బాధ ఒక పాలు ఎక్కువ. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో "క్ష" అంటే ఒక అక్షరం కాదు. క, దాని వెనక పొల్లు, ఆ తర్వాత ష. ఈ మూడు కలిస్తేనే మనకు తెర మీద క్ష కనిపిస్తుంది. పొల్లు కొట్టిన తర్వాత కర్సర్ దూకిందంటే ఒకచోట "క్" మిగిలిపోతుంది, ఇంకెక్కడో అనాథలా ఒక "ష" తేలుతుంది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం తప్పిపోతే స్పెల్లింగ్ చూసే పద్ధతి కింద ఎర్రగీత గీస్తుంది. మన దగ్గర ఆ గీత మీద ఆధారపడే రోజులు ఇంకా రాలేదు. కంటితో వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. టచ్‌ప్యాడ్‌ను ఆపడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, స్విచ్ కట్టేసినట్టు పూర్తిగా ఆపేయడం. రెండోది, మౌస్ తగిలించి ఉన్నంతసేపే ఆగి, మౌస్ తీయగానే తానే మేలుకొనేలా చేయడం. చాలామంది మొదటి దారి పడతారు, ఎందుకంటే ఆ స్విచ్ కంటికి ముందు కనిపిస్తుంది. నేను రెండోదే చేయమంటాను. మా మేనల్లుడు ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతున్నాడు. హాస్టల్‌లో ఆటల కోసం టచ్‌ప్యాడ్‌ను పూర్తిగా ఆపేసి, ఆ సంగతి మరిచిపోయి, మౌస్ లేకుండా సెమినార్‌కు వెళ్లాడు. ప్రొజెక్టర్ వెలిగింది, ఎదురుగా అధ్యాపకులు కూర్చున్నారు, తెర మీద బాణం మాత్రం ఉలకదు పలకదు. చివరికి స్నేహితుడి మౌస్ కోసం ఎవరో మూడో అంతస్తుకు పరుగెత్తారట.

అందుకే ఆపడం కన్నా ముందు, మౌస్ లేకుండా కీబోర్డుతోనే దాన్ని తిరిగి తెప్పించుకోవడం నేర్చుకోండి. ఈత రాకుండా చెరువులో దిగకూడదు కదా.

విండోస్ కీ నొక్కండి. ఇంగ్లిష్ అక్షరాల్లో టచ్‌ప్యాడ్ అని కొట్టండి. ఇక్కడే తెలుగువాళ్లు తడబడతారు. కీబోర్డు తెలుగు లిపిలో ఉండిపోతే, మీరు ఏది కొట్టినా తెలుగు అక్షరాలే పడి, వెతుకులాటలో ఏమీ దొరకదు. ముందు విండోస్ కీ పట్టుకుని స్పేస్‌బార్ ఒకసారి నొక్కితే కీబోర్డు భాష మారుతుంది. అప్పుడు కొట్టండి. జాబితాలో టచ్‌ప్యాడ్ సెట్టింగ్స్ పైన కనిపిస్తుంది, ఎంటర్ నొక్కండి. పేజీ తెరుచుకున్నాక ట్యాబ్ కీ నొక్కుతూ పోతే ఒక గీత చట్రం ఒక్కో అంశం మీదికి జరుగుతుంది. టచ్‌ప్యాడ్ స్విచ్ మీదికి అది రాగానే స్పేస్‌బార్ నొక్కితే స్విచ్ పడుతుంది. ఇప్పుడే, మౌస్ పక్కన ఉండగానే, దాన్ని ముట్టుకోకుండా రెండుసార్లు ఇది చేసి చూడండి. చేతికి అలవాటైతే సెమినార్ ముందు చెమటలు పట్టవు.

ఇక విండోస్ 11లో చేయాల్సింది ఇది.

1. విండోస్ కీ పట్టుకుని ఐ అక్షరం నొక్కండి. సెట్టింగ్స్ తెరుచుకుంటుంది.

2. ఎడమ పక్కన బ్లూటూత్ అండ్ డివైసెస్ అని ఉంటుంది, దాని మీద క్లిక్ చేయండి. కుడివైపు వచ్చిన వరుసల్లో కిందికి జరిగితే టచ్‌ప్యాడ్ కనిపిస్తుంది. అందులోకి వెళ్లండి.

3. పై వరుసలోనే టచ్‌ప్యాడ్ అని, దాని ఎదురుగా ఆన్, ఆఫ్ స్విచ్ ఉంటాయి. ఆ స్విచ్‌ను ముట్టుకోకండి. దాని పక్కనే కిందికి చూసే చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కండి. ఎక్కువమంది దాటిపోయేది ఈ బాణాన్నే.

4. వరుస విచ్చుకుని "లీవ్ టచ్‌ప్యాడ్ ఆన్ వెన్ ఎ మౌస్ ఈజ్ కనెక్టెడ్" అనే వాక్యం ముందు చిన్న గడి కనిపిస్తుంది. మౌస్ తగిలించినా టచ్‌ప్యాడ్‌ను నడవనివ్వు అని దాని అర్థం. మనకు కావలసింది దానికి వ్యతిరేకం. కాబట్టి గడిలో టిక్ ఉంటే తీసేయండి.

సేవ్ బటన్ ఉండదు, టిక్ తీసిన క్షణం నుంచే అమలు. మౌస్ తగిలించి ఉంచి టచ్‌ప్యాడ్ మీద వేలు రాయండి, బాణం కదలకూడదు. మౌస్ పీకేసి మళ్లీ రాయండి, ఒకటి రెండు క్షణాల్లో కదలాలి. రెండూ జరిగితే పని అయిపోయినట్టే.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అయినా మా దగ్గరికి వచ్చే ల్యాప్‌టాప్‌లలో అది ఇంకా బాగానే కనిపిస్తోంది. అందులో సెట్టింగ్స్, తర్వాత డివైసెస్, ఎడమ పక్క జాబితాలో టచ్‌ప్యాడ్. అదే వాక్యం స్విచ్ కిందే నేరుగా కనిపిస్తుంది, బాణం కోసం వెతకక్కర్లేదు.

ఆ వాక్యం అసలే కనిపించకపోతే మీది పాత తరహా టచ్‌ప్యాడ్ అయి ఉండవచ్చు. విండోస్ 8.1 కాలం నుంచి మైక్రోసాఫ్ట్ ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ అనే ఒక పద్ధతి తెచ్చింది. దాన్ని పాటించే వాటికి విండోస్ సెట్టింగ్సే యజమాని. పాటించనివి తమ తయారీదారు ఇచ్చిన డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, మాట వింటాయి. అలాంటప్పుడు అదే బ్లూటూత్ అండ్ డివైసెస్ కింద మౌస్ పేజీలోకి వెళ్లి, అక్కడ అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ నొక్కండి. పాత కాలపు చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. పైన ఉన్న ట్యాబ్‌లలో చివరిది సాధారణంగా ఎలాన్ అనో, డివైస్ సెట్టింగ్స్ అనో ఉంటుంది. సినాప్టిక్స్ అనే టచ్‌ప్యాడ్ కంపెనీ వారి డ్రైవర్ అయితే అక్కడే, యూఎస్‌బీ మౌస్ తగిలించినప్పుడు లోపలి పరికరాన్ని ఆపాలా అని అడిగే గడి ఉంటుంది. గమనించండి, ఇక్కడ ప్రశ్న తిరగబడింది. సెట్టింగ్స్‌లో టిక్ తీయాలి, ఇక్కడ టిక్ పెట్టాలి. తర్వాత అప్లై నొక్కడం మరవకండి, ఈ పాత కిటికీలకు అది కావాలి.

కీబోర్డు పై వరుసలో కూడా ఒకసారి చూడండి. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కీలలో ఒకదాని మీద చిన్న చతురస్రం, దాని మీద అడ్డగీత బొమ్మ ఉంటే అది టచ్‌ప్యాడ్ స్విచ్. కొన్నింటిలో నేరుగా, కొన్నింటిలో ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కాలి. పాత హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో టచ్‌ప్యాడ్ ఎడమ పై మూలన రెండుసార్లు తడితే ఆగి, చిన్న దీపం వెలుగుతుంది. ఇవన్నీ పూర్తిగా ఆపే దారులే, మౌస్ ఉందో లేదో చూడవు. అరగంట టైపింగ్‌కు బాగుంటాయి. కానీ పొరపాటున చెయ్యి తగిలి ఆగిపోయేది కూడా వీటివల్లే. "టచ్‌ప్యాడ్ చనిపోయింది" అని వచ్చేవాళ్లను నేను మొదట ఈ కీ గురించే అడుగుతాను.

రెండో ప్రశ్న యూఎస్‌బీ రంధ్రాల్లో ఏముందని. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనం పైన తీసేసిన టిక్కు వల్ల రేపు మీకు ఎదురయ్యే చిక్కు ఇదే.

నర్సంపేట నుంచి ఒక టీచరమ్మ ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కి వచ్చారు. టచ్‌ప్యాడ్ పోయిందని, అక్కడ ఒకరు విప్పి మార్చాలన్నారని చెప్పారు. పక్కకు తిప్పి చూస్తే యూఎస్‌బీ రంధ్రంలో గోరంత నల్లటి ముక్క ఉంది. వైర్‌లెస్ మౌస్ రిసీవర్. మౌస్ ఏదమ్మా అంటే, ఇంట్లో బల్ల మీద ఉంది, బ్యాటరీ అయిపోయి నెల అయింది అన్నారు. ఆ ముక్కను పీకాను, టచ్‌ప్యాడ్ లేచి కూర్చుంది. ఆమె నాకు చాయ్ ఇప్పించి వెళ్లారు.

జరిగింది ఏమిటంటే, రిసీవర్ రంధ్రంలో ఉంటే చాలు, మౌస్ ఉన్నట్టే విండోస్ లెక్క వేసుకుంటుంది. మౌస్‌లో బ్యాటరీ ఉందా, అసలు మౌస్ ఈ ఊళ్లో ఉందా అన్నది దానికి పట్టదు. అందుకే రెండు అలవాట్లు చేసుకోండి. బయటికి వెళ్లేటప్పుడు రిసీవర్ తీసి మౌస్ కడుపులోనే పెట్టండి. చాలా మౌస్‌లకు బ్యాటరీ మూత కింద దానికోసమే ఒక గూడు ఉంటుంది. మౌస్ అకస్మాత్తుగా ఆగితే, సెట్టింగ్స్ వెతక్కుండా రిసీవర్ పీకండి, టచ్‌ప్యాడ్‌తో పని సాగించండి.

బ్లూటూత్ మౌస్‌కు రిసీవర్ ఉండదు. అది కనెక్ట్ అయి ఉన్నంతసేపే లెక్క. కాసేపు వాడకపోతే చాలా బ్లూటూత్ మౌస్‌లు నిద్రలోకి జారి సంబంధం తెంపుకుంటాయి, అప్పుడు టచ్‌ప్యాడ్ మేలుకోవచ్చు. చేతిరాత చూస్తూ గంటల తరబడి టైపు చేసేవాళ్లు మౌస్‌ను ఎక్కువగా ముట్టుకోరు కాబట్టి ఇది సరిగ్గా వాళ్లనే పట్టుకుంటుంది. నా మట్టుకు నేను తీగ ఉన్న మౌస్‌కే ఓటు వేస్తాను. నిద్రపోదు, బ్యాటరీ అడగదు, పోగొట్టుకుందామన్నా పోదు.

ఇంకో విచిత్రం. వైర్‌లెస్ కీబోర్డు ఒక్కటే తగిలించినా టచ్‌ప్యాడ్ ఆగిపోవచ్చు. కీబోర్డుకూ మౌస్‌కూ కలిపి ఒకే రిసీవర్ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ రిసీవర్ తనను తాను మౌస్‌గా కూడా పరిచయం చేసుకుంటుంది. మీకు మౌస్ లేకుండా బయటి కీబోర్డు మాత్రమే ఉంటే, టిక్ తిరిగి పెట్టేయండి. చెయ్యి ఎలాగూ ల్యాప్‌టాప్ మీద ఆనదు కదా.

అందరూ టచ్‌ప్యాడ్‌ను ఆపాల్సిన పని లేదు కూడా. ఏనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణంలో లెక్కలు రాసే ఒక గుమాస్తాకు మౌస్ పెట్టుకునేంత జాగా బల్ల మీద ఉండదు. ఒక పక్క చిట్టాలు, ఒక పక్క మిర్చి నమూనాలు. ఆయనకు టచ్‌ప్యాడ్ కావాలి, కానీ అంకెలు కొడుతుంటే కర్సర్ దూకకూడదు. అలాంటివారు అదే టచ్‌ప్యాడ్ పేజీలో కిందికి జరిగి ట్యాప్స్ అనే వరుస విప్పండి. ఒక వేలితో తడితే క్లిక్ అనే గడిలో టిక్ తీసేస్తే, ఇకపై గట్టిగా నొక్కితేనే క్లిక్ పడుతుంది. అక్కడే సెన్సిటివిటీ అని నాలుగు మెట్లు ఉంటాయి. "లో", అంటే తక్కువ, అనే చివరి మెట్టు పెడితే అరచేతి స్పర్శను పట్టించుకోవడం తగ్గుతుంది. నిజం చెప్పాలంటే, సగంమంది బాధ ఆ ట్యాప్ టిక్కు తీయడంతోనే తీరిపోతుంది.

విండోస్‌లో పరికరాల జాబితా ఉండే డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి టచ్‌ప్యాడ్‌ను డిజేబుల్ చేయమని చెప్పేవాళ్లు ఉంటారు. పనిచేస్తుంది, కానీ నేను సలహా ఇవ్వను. అక్కడ ఒకేలాంటి పేర్లతో నాలుగైదు వరుసలు ఉంటాయి, మీరు బయటి మౌస్‌నే ఆపుకునే ప్రమాదం ఉంది. వేరే దారే లేక వెళ్తే, డిజేబుల్ అన్నదాన్నే ఎంచుకోండి, దాని దగ్గరలోనే ఉండే అన్‌ఇన్‌స్టాల్‌ను ముట్టుకోకండి. మౌస్, టచ్‌ప్యాడ్ రెండూ ఆగిపోయాయా? అంకెల కీలు విడిగా ఉన్న కీబోర్డు అయితే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్ పట్టుకుని నమ్‌లాక్ నొక్కి, అడిగినదానికి ఎంటర్ కొట్టండి. అంకెల కీలే మౌస్ అవుతాయి. 8 పైకి, 2 కిందికి, 4, 6 పక్కలకు, 5 క్లిక్.

ఆపిల్ మ్యాక్ వాడేవారికి పని చిన్నది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో పాయింటర్ కంట్రోల్. మౌస్ ఉన్నప్పుడు లోపలి ట్రాక్‌ప్యాడ్‌ను పట్టించుకోవద్దు అనే అర్థం వచ్చే స్విచ్ అక్కడ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. విండోస్ బదులు ఉబుంటు వాడేవారికి సెట్టింగ్స్ లోపల మౌస్ అండ్ టచ్‌ప్యాడ్ పేజీలో పూర్తిగా ఆపే స్విచ్ దొరుకుతుంది. మౌస్‌ను బట్టి ఆగాలంటే డీకాన్ఫ్ ఎడిటర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని ఆర్గ్, గ్నోమ్, డెస్క్‌టాప్, పెరిఫెరల్స్, టచ్‌ప్యాడ్ అనే వరుసలో లోపలికి వెళ్లి, సెండ్ ఈవెంట్స్ అనే చోట డిజేబుల్డ్ ఆన్ ఎక్స్‌టర్నల్ మౌస్ అనే విలువ ఎంచుకోండి.

ఇంతా చేసినా, లేదా అసలు చెయ్యి తగలకుండానే బాణం తనంత తాను తిరుగుతుంటే, అది సెట్టింగ్‌ల జబ్బు కాదు. ఛార్జర్ తీసి చూడండి. తీయగానే బాణం కుదురుకుంటే మీ ఇంటి ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా లేదన్న అనుమానం మొదటిది. పాత ఇళ్లలో ఇది మామూలే. పైగా మనం మూడు కాళ్ల ఛార్జర్‌కు రెండు కాళ్ల కన్వర్టర్ తగిలించి ఎర్తింగ్‌ను చేతులారా తెంపేస్తాం. ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, కంప్యూటర్ మెకానిక్‌ను కాదు. మే నెలలో అయితే చెమట మరో కారణం. తడి కూడా ఆ వలకు వేలులాగే కనిపిస్తుంది. పొడి గుడ్డతో తుడిచి చూడండి.

చివరిది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినట్టుందా? నొక్కితే బిగుసుకుపోయి క్లిక్ పడటం లేదా? ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెడితే ఊగుతోందా? చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ కిందే బ్యాటరీ ఉంటుంది. అది ఉబ్బితే మొదట పైకి నెట్టేది టచ్‌ప్యాడ్‌నే. అప్పుడు టచ్‌ప్యాడ్‌ను ఆపేసి మౌస్‌తో పని కానిచ్చేయడం నిప్పు మీద గుడ్డ కప్పడమే. ల్యాప్‌టాప్ ఆపేయండి, ఛార్జింగ్ పెట్టకండి, చేత్తో అదిమి సరిచేయాలని చూడకండి, మంచం మీదా పరుపు మీదా ఉంచకండి. బ్యాటరీ మార్చే చోటికి ఆ రోజే తీసుకెళ్లండి. మా గదికి తెచ్చినా నేను ముట్టుకోను, సర్వీస్ సెంటర్‌కే పంపుతాను.